జపానీయుల పాటలలోని పూవులు

జపానుదేశమును గూర్చి మన విద్యార్థులు చదువుకొనునవి ముఖ్యముగా అగ్నిపర్వతములు, భూకంపములు, యంత్రపరిశ్రమలు. ఆ దేశపు తల్లులు బిడ్డలకు ఏ పాటలు నేర్పుదురో, పాఠశాలలు ముగియు దినమున బాలబాలికలు ఏమి పాడుకొందురో మన మంతగా విచారింపము. ఒక జాతి మనస్సు తెలియవలెనన్న వారి యెగుమతుల పట్టికకంటె వారి పాటలే దగ్గఱి త్రోవ యని నా యభిప్రాయము. జపానీయుల పాటల పుస్తకము తెఱచినచో పుటపుటకు ఒక పువ్వు కనబడును. అది కేవలము అలంకారమునకై పెట్టిన పువ్వు కాదు. పాడువారు తమ నోట చెప్పుకొనలేని మాటను పువ్వుచేత చెప్పింతురు. ఏ కాలమున ఎవరు ఏ మాట చెప్పించిరో తెలిసికొన్నగాని ఆ పాటలు మనకు అర్థము కావు.

మొదట చెప్పవలసినది "సకుర సకుర" అను పాట. సకుర యనగా చెర్రీ పువ్వు. ఇది ఎవరు కట్టినదో తెలియని పాత పాట. పదుమూడు తీగల "కోతో" అను వాద్యము నేర్చుకొను పిల్లలకు తొలిపాఠముగా వాడుకలో నుండెను. 1888లో తోక్యో సంగీత పాఠశాలవారు కోతో పాటల సంపుటమును అచ్చువేసినప్పుడు ఇందు చేర్చిరి. అటుపిమ్మట ఇది దేశమంతట వ్యాపించి, విదేశీయులకు జపానును జ్ఞప్తికి తెచ్చు పాటయై నిలిచినది. ఇటలీ దేశపు సంగీతకర్త పుచ్చీని తన "మదామ బటర్‌ఫ్లై" అను సంగీత నాటకమున (1904) ఈ వరుసను వాడుకొనెను. పాటలో కథ లేదు. కనుచూపు మేర పూవులు విచ్చియున్నవి, అది మంచో మబ్బో తెలియకున్నది, చూచుటకు పోవుదము రండు అని పిలుచుట మాత్రమే.

సంగీతము నేర్చినవారి కొక సంగతి. ఈ పాటలో అయిదు స్వరములే కలవు. పాట ముగియు స్వరమును షడ్జమముగా నెంచినచో తక్కినవి శుద్ధ రిషభము, శుద్ధ మధ్యమము, పంచమము, శుద్ధ ధైవతము. గాంధార నిషాదములు లేవు. హిందూస్థానీ బాణీలో గుణకలీ రాగమును విన్నవారికి ఇది క్రొత్తగా తోపదు. వసంతకాలపు సంతోషమును చెప్పు పాటకు ఇంత దిగులుగల స్వరములేల యని మీరడుగవచ్చును. దానికి సమాధానము ఆ చెట్టునందే యున్నది. నేడు జపానులో విశేషముగా నాటబడిన "సొమేయి యొషినొ" అను చెర్రీజాతి విత్తనము వలన గాక అంటుకట్టుట వలననే వృద్ధియగును. అందుచేత ఒక యూరిలోని చెట్లన్నియు ఒక్క చెట్టువలె ఒకేసారి పూచును, ఒకేసారి రాల్చును. పూర్తిగా విచ్చిన పూవులు వారము దినములు నిలుచుట అరుదు. గట్టి వాన యొకటి పడినచో మఱునాటికి నేలయే పువ్వుల చాప. పూయుటను తలచినవెంటనే రాలుటయు తలపునకు వచ్చును. ఈ రెండవ తలపు తరువాతి కాలమున ఎంత పని చేసెనో ముందు చెప్పెదను.

పాఠశాలలలో పాట ప్రవేశించిన కథ ఉపాధ్యాయులకు మిక్కిలి రుచించునది. మేయిజి చక్రవర్తి కాలమున "ఇజవ షూజి" యను యువకుడు ఉపాధ్యాయ శిక్షణ కొఱకు అమెరికాకు పంపబడి, మసాచుసెట్స్ రాష్ట్రమున బ్రిడ్జ్‌వాటర్ నార్మల్ పాఠశాలలో చేరెను. తక్కిన పాఠములన్నిట నెగ్గెను గాని, పాశ్చాత్య స్వరములు అతని గొంతున పలుకవయ్యెను. పరదేశివి గావున సంగీతమును విడిచిపెట్టవచ్చునని ప్రధానోపాధ్యాయుడు దయతో సెలవియ్యగా, అతడు సమ్మతింపక, బోస్టను నగరమున పిల్లలకు సంగీతము నేర్పుచుండిన ల్యూథర్ వైటింగ్ మేసన్ అను వృద్ధోపాధ్యాయుని యొద్దకు పోయి సాధించెను. స్వదేశమునకు మఱలిన పిదప 1880లో ఆ మేసన్‌నే తోక్యోకు రప్పించిరి. వీరి కృషి ఫలముగా 1881 మొదలు 1884 వఱకు ప్రాథమిక పాఠశాలల పాటలు మూడు భాగములుగా సిద్ధమైనవి. వరుసలు పెక్కులు పడమటివి, మాటలు జపానువి. జర్మను పిల్లల పాట యొకటి సీతాకోకచిలుక ఆవమొక్కపై వ్రాలి, విసిగినచో చెర్రీపై వ్రాలు పాటగా మాఱినది. నేటికిని అక్కడి శిశువులు దానిని పాడుచున్నారు.

మూడవ భాగమున (1884) "కికు" అను పాట కలదు. కికు అనగా చేమంతి. తరువాత దీనికే "నివ నొ చిగుస", అనగా "తోటలోని వేయి మొక్కలు", అని పేరు వచ్చెను. వరుస ఐర్లండు దేశపుది. దానికి థామస్ మూర్ అను కవి వ్రాసిన ఆంగ్లగేయము వేసవి చివర మిగిలిన ఒంటరి గులాబిని గూర్చినది. ఆ గేయములో కవి, తోడివారందఱు పోయిన పిమ్మట నీవొక్కతెవు ఎండుటయేల యని గులాబి ఱేకులను తానే తుంచి నేలపై చల్లును, తానును అట్లే పోగోరును. జపాను పాటను వ్రాసిన "సతొమి తదషి" ఈ వరుసను తీసికొని గులాబిని తీసివేసెను. తోటలోని మొక్కలన్నియు వాడినవి, పురుగుల పాట నిలిచినది, తెల్లచేమంతి యొక్కటి మాత్రము మంచుకు లొంగక పూచియున్నది. మనుష్యుడును కష్టకాలమున అట్లే నిలువవలెనని భావము. వరుస ఒక్కటే, ఒంటరితనమును ఒక్కటే. గులాబి దానిని సహింపలేదు, చేమంతి సహించినది. చేమంతి శరదృతువు చివర, చలి ముదిరిన తరువాత పూచునని ఎఱిగిన జాతి యిట్లు మార్చుట సహజమే. పాట నుండి నీతి పిండవలెనని ఆనాటి విద్యాశాఖవారికి గల యాతురతయు ఇందు కొంత కలదు. అయినను పాట చెడలేదు. మన "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకమున ఇంగ్లీషు వరుసల పాటలును, పురుషోత్తము చౌదరిగారి వంటివారు దేశీయ రాగములలో కట్టిన కీర్తనలును ప్రక్కప్రక్కన నుండుట చూచువారికి, వరుస ఒక దేశమునుండి వచ్చి మాట మఱియొక దేశమున పుట్టుట యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇరువది యేండ్లలోపున జపానీయులే వరుసలు కట్ట నేర్చిరి. "తకి రెంతారొ" అను యువకుడు 1900లో "నాలుగు ఋతువులు" అను పాటల సంపుటమును ప్రకటించెను. అందు మొదటిది "హన", అనగా "పువ్వు". తోక్యో నగరమున సుమిద నదిపై వసంతకాలపు ఉదయము, పడవలు, తెడ్లనుండి రాలు నీటిచుక్కలు, ఒడ్డున చెర్రీపూవులు. రెండు కంఠములు కలిసి పాడవలసిన పాట. తకి ఆ సంవత్సరముననే బాప్తిస్మము పొందెను. మఱుసటి యేట జర్మనీలోని లైప్‌జిగ్ సంగీత పాఠశాలకు పంపబడి, కొలది నెలలకే క్షయరోగము సోకి తిరిగివచ్చి, 1903లో తన యిరువది మూడవ యేట మరణించెను. ఇంత చిన్న ప్రాయమున పోయినవాని పాటలో ఒక్క దిగులుమాట లేదు.

విద్యాశాఖవారు 1910 మొదలు ప్రకటించిన పాటల పుస్తకములలో కవి పేరుగాని సంగీతకర్త పేరుగాని వేయలేదు. పాటలన్నియు శాఖవే. "తకనొ తత్సుయుకి" మాటలును "ఒకనొ తేయిచి" వరుసలును అని లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టినది. వీరి జంటకు చెందిన "ఒబొరొజుకియొ" (1914) ఆవపూల పాట. సాయంకాలము, పసుపుపచ్చని ఆవచేలు, మసకచంద్రుడు. వీరిలో ఒకనొ ఒకయామ పట్టణమున మిషనరీల యొద్ద ఆర్గను నేర్చినవాడు. తోక్యోలో సంగీతాచార్యుడై యుండియు హొంగొ నందలి క్రైస్తవ దేవాలయమున సుమారు 40 ఏండ్లు ఆర్గను వాయించెను. ఆదివారము ఆర్గను ముందు కూర్చుండినవాని చేతి వాటము సోమవారపు బడిపాటలలోనికి కొంత వచ్చియుండునని ఊహించుట తప్పు కాదు.

ఈ జంటదే "హరు నొ ఒగవ", అనగా "వసంతకాలపు చిన్న యేఱు" (1912). ఇది మన మోహనరాగపు స్వరములతో నడచు పాట. ఏటి యొడ్డున రెండు పూవులున్నవి. ఒకటి ఊదారంగు వయొలెట్ పువ్వు. రెండవది "రెంగె". ఈ రెంగెను జపాను రైతులు వరిపొలములలో పచ్చిరొట్ట యెరువు కొఱకు చల్లుదురు. మన రైతులు జనుము, జీలుగ చల్లి దున్నివేయునట్లే, అది పూచిన తరువాత మట్టిలో కలియదున్నుదురు. కాబట్టి పాటలోని పువ్వు పండితుల తోటలోనిది కాదు, పొలమునకు మేపు వంటిది. 1942లో ఈ పాటను మూడవ తరగతికి పెట్టినప్పుడు, ఆ పిల్లలకు ఇంకను గ్రాంథికభాష నేర్పలేదను కారణముచే, మాటలను వాడుకభాషలోనికి మార్చిరి. గ్రాంథిక వ్యావహారిక వివాదము మన తెలుగువారి సొత్తే యని తలచువారు గమనింతురు గాక. ఆ యేఱు తోక్యోలో యొయొగి ప్రాంతమున ప్రవహించిన కోహొనె కాలువ యని చెప్పుదురు. ఇప్పుడది వీథుల క్రింద కప్పబడి కనబడదు.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన పాటకు వత్తును. "కరతచి నొ హన" (1925). కరతచి నిమ్మజాతికి చెందిన ముండ్లచెట్టు. కంచెలకు నాటుదురు. ముండ్లు పొడవైనవి, పచ్చనివి. వసంతమున ఆ ముండ్ల నడుమ తెల్లని పూవులు పూచును. శరత్కాలమున గుండ్రని పసుపు కాయలు కాయును గాని పులుపుచే నోట పెట్టరావు. వరుస కట్టిన "యమద కోసకు" 1886లో జన్మించెను. బాల్యముననే తండ్రి పోగా, పేద బాలురు పగలు పని చేసి రాత్రి చదువుకొనుటకై ఒక క్రైస్తవ బోధకుడు స్థాపించిన గృహమున చేర్చబడి, అచ్చుకూటమున పని చేసెను. పెద్ద పనివారు కాలితో తన్నినప్పుడు ఆ బాలుడు కరతచి కంచె యొద్దకు పరుగెత్తి, ఇతరులకు చూపనొల్లని కన్నీటిని దాని మొదట విడిచెడివాడనని పెద్దవాడైన పిదప తన చరిత్రలో వ్రాసికొనెను. ఆకలికి ఆ పుల్లని కాయలే తినెను. స్థాపించినవారి యుద్దేశము మంచిదే. అచ్చుకూటపు మూల ఏమి జరుగుచున్నదో ఎవరును చూడలేదు. వసతిగృహములు నడుపు మనవంటివారు ఈ మాటను ఒక్క నిమిషము తలపోయుట మంచిది.

పాట వ్రాసిన "కితహర హకుషు" గొప్పకవి. అతని స్వగ్రామమైన యనగవలోను బడికి పోవు త్రోవ ప్రక్క కరతచి కంచె యుండెను. ఇరువురి బాల్యములును ఆ పాటలో కలిసినవి. ఒక్కొక్క చరణమున ఒక్కొక్క సంగతి: పువ్వు తెలుపు, ముల్లు నొప్పి, కంచె ప్రక్క నిత్యము నడచు దారి, శరత్తులో పండు కాయలు. ఆ చెట్టు ప్రక్క తాను ఏడ్చినట్లును, అయినను అందఱును తనయెడ దయ చూపినట్లును చెప్పును. ఎవరు దయ చూపిరి? తన్నినవారా? పాట విప్పి చెప్పదు. చిన్ననాటి దెబ్బను తలచుకొని పగను గాక పువ్వును మిగిల్చుకొన్నవాని మాట యని నాకు తోచుచున్నది. కాని ముల్లును దాచలేదు. వరుసయు విచిత్రమైనది. జపాను మాటలలో అక్షరములు కొన్ని హెచ్చు స్థాయిని, కొన్ని తగ్గు స్థాయిని పలుకబడును. ఆ హెచ్చుతగ్గులు చెడకుండ, మూడు మాత్రల తాళమును రెండు మాత్రల తాళమును మార్చిమార్చి వాడి, మాట్లాడినట్లే పాడునట్లు యమద కట్టెను. పాడుటకు సులభము కాదు. తాళము వేయు పిల్లలు తడబడుదురు.

ప్రేమపాటలును లేకపోలేదు. చిత్రకారుడైన "తకెహిస యుమెజి" వ్రాసిన "యొయిమచిగుస" మిక్కిలి ప్రసిద్ధము. సాయంకాలము విచ్చి ఉదయమునకు వాడు పసుపు పువ్వును, రాని మనిషికై వేచియుండు మనస్సును కలిపి మూడే పంక్తులలో చెప్పెను. వృక్షశాస్త్రజ్ఞులు ఆ మొక్కను "మత్సుయొయిగుస" అందురు. కవి పదములను తారుమాఱు చేసెను. ఇప్పుడు జనులలో పెక్కండ్రు కవి పెట్టిన పేరే యెఱుగుదురు.

రాలు పువ్వును గూర్చి చెప్పెదనంటిని. చెర్రీ ఒక్కసారి రాలుటను యుద్ధకాలపు పాలకులు తమ పనికి తెచ్చుకొనిరి. సైనికుడు చెర్రీపువ్వు, దేశము కొఱకు రాలుటే దాని యందము అని పిల్లలకు నేర్పిరి. 1938లో ఒక బాలికల మాసపత్రికలో "సైజొ యసొ" అను కవి రెండు చెర్రీపూవులను గూర్చి గేయము వ్రాసెను. ఇతడే అంతకు ఇరువది యేండ్ల ముందు పాడుట మఱచిన పిట్టను గూర్చి పిల్లలకు మృదువైన పాట నిచ్చినవాడు. ఆ రెండు పూవుల గేయము ఒకరి నోట ఒకరి నోట మాఱి, "దోకి నొ సకుర" అను నావికాదళపు పాట అయ్యెను. ఒకే తరగతిలో చదివిన మనము ఒకే కొమ్మ పూవులము, విచ్చినవారము రాలక తప్పదు, అందముగా రాలుదము అని దాని సారాంశము. 1944లో శత్రు నౌకలపై పడి చచ్చుటకే చేసిన ఒక విమానమునకు "ఓక" అని పేరిడిరి. ఆ మాటకును చెర్రీపువ్వనియే యర్థము. 1945 ఏప్రిలు నెలలో క్యూషూ ద్వీపమున చిరాన్ అను ఊరి విమానస్థలము నుండి మరల రాని ప్రయాణమునకు బయలుదేరిన యువకుల నంపుటకు, ఆ ఊరి ఉన్నతపాఠశాల బాలికలు పూచిన చెర్రీకొమ్మలు ఊపుచు వరుసగా నిలిచిరి. ఆ ఛాయాచిత్రము నేటికిని కలదు. విద్యార్థినులారా, వారు మీ యీడువారే. కొమ్మలు నిజమైనవే, పూవులు నిజమైనవే. పువ్వు నోట పెట్టిన మాట మాత్రము అబద్ధము.

యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1947లో, రేడియోలో స్త్రీల కార్యక్రమమునకై "హన నొ మచి" అను పాట వెలువడెను. "పూవుల పట్టణము" అని యర్థము. వ్రాసినది "ఎమ షోకొ" యను కవయిత్రి, వరుస "దన్ ఇకుమ"ది. అప్పటికి పట్టణములు మసిదిబ్బలు. అట్టి పట్టణము లేదు, అది నా కలలోనిది, అని ఆమెయే తరువాత చెప్పెను. కావున పాటలో చెర్రీ పేరు లేదు. ఏడురంగుల లోయ దాటి గాలి వీచును, పూవులు పరుగిడును, చివరి చరణమున మాత్రము పట్టణపు మూల ఎవరో యొంటరిగా ఏడ్చుచుందురు. చెర్రీ యని చెప్పియున్నచో ఆనాటి వినువారి చెవులలో పాత పాట మ్రోగెడిదేమో.

ఆమెదే మఱియొక పాట "నత్సు నొ ఒమొయిదె", "వేసవి జ్ఞాపకము" (1949), సంగీతము "నకద యొషినవొ"ది. 1944లో తిండిగింజలు వెదకుకొనుచు కొండలలోనికి పోయిన ఆమె, ఒజె యను చిత్తడినేలలో తెల్లని "మిజుబషో" పూవులు నిండియుండుట చూచెను. ఆ పేరునకు "నీటి యరటి" అని యర్థము గాని నిజమునకు అది చేమజాతి మొక్క. రేడియోలో పాట విన్న జనులు ఒజెకు విరగబడిరి. పువ్వును ప్రేమించి వచ్చినవారి పాదముల క్రింద చిత్తడినేల నలిగిపోయినది. పిమ్మట కొయ్యపలకల బాటలు వేసి, వాటిపైననే నడువవలెనని నియమించి కాపాడిరి. 2007లో అది ప్రత్యేక జాతీయవనమైనది.

నేటి కాలపు పాటలలో చెర్రీ తన పాత బడిపనికి మఱలినది. అక్కడ విద్యాసంవత్సరము ఏప్రిలున మొదలై మార్చిన ముగియును. వీడ్కోలును క్రొత్త తరగతియు చెర్రీ పూచు దినములకు ఇరుప్రక్కల నుండును. అందుచే మొరియమ నవొతరొ (2003), కొబుకురొ (2005) మొదలైనవారి "సకుర" పాటలు వీడ్కోలు సభలలో వినబడును. 2003లోనే "స్మాప్" అను అయిదుగురు యువకుల బృందము "సెకై ని హితొత్సు దకె నొ హన", అనగా "లోకమునకు ఒక్కటే యైన పువ్వు", అను పాటను వెలువరించెను. రచన మకిహర నొరియుకిది. పూల దుకాణమున తొట్టెలలో నిలిచిన పూవులు మాలో మొదటిది ఎవరని పోట్లాడవే, మనుష్యులకు ఆ తగవు ఏల యని ప్రశ్న. 2016లో బృందము విడిపోవునాటికి ఈ పాట ముప్పది లక్షలకు మించి అమ్ముడుపోయెను. పరీక్షలో వచ్చిన స్థానములను గోడకంటించు ఉపాధ్యాయులలో నేనును ఒకడను. ఈ పాటను మా తరగతిలో ఎప్పుడు వినిపింపవలెనో ఆలోచించుచున్నాను. పరీక్షలకు ముందు మాత్రము కాదు.

2011 మార్చి 11వ తేదీన ఈశాన్య జపానున భూకంపమును సముద్రపు ఉప్పెనయు వచ్చి, పదునైదు వేలకు పైగా జనులు మృతిచెందిరి. వేలకొలది మంది జాడ తెలియలేదు. మఱుసటి సంవత్సరము ఆ దేశపు రేడియో సంస్థ "హన వ సకు", అనగా "పూవులు పూచును", అను పాటను ప్రసారము చేసెను. వ్రాసిన "ఇవై షుంజి" యను చలనచిత్ర దర్శకుడును, వరుస కట్టిన "కన్నొ యోకొ"యు నష్టపడిన మియగి మండలమువారే. తమకు రావలసిన ధనమును బాధితులకే యిచ్చిరి. ఇందు మాటలాడునది బ్రదికినవారు కాదు. పోయినవారు. తాము గాంచిన యూరిని తలచుకొని, ఉన్నవారికి తామేమి మిగిల్చితిమో యని తమ్ము తామే యడిగికొని, ఇక పుట్టబోవు నీ కొఱకు పూవులు పూచునని చెప్పుదురు. ప్రసారమునందు ఇవతె, మియగి, ఫుకుషిమ మండలములతో సంబంధముగల గాయకులు, నటులు, ఆటగాండ్రు ఒక్కొక్కరు ఒక్కొక్క పంక్తి పాడిరి. ప్రతివారి చేతను ఒక జర్బరా పువ్వు కలదు. పాటలో మాత్రము ఏ పువ్వు పేరును లేదు.